ముల్లు కొంచెం హుషారు

అబద్ధం చెప్పే స్పీడోమీటరు మానవజాతికి దొరికిన వరం! కాదనేవాళ్ళు ముందుకు రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

నిజం చెప్పే మీటర్ల వల్ల ఇంతవరకు ఎవరు సుఖపడ్డారు? థర్మామీటరు నిజం చెప్తుంది, మనిషి మంచం ఎక్కుతాడు. కరెంటు మీటరు నిజం చెప్తుంది, ఫ్యాను ఆగిపోయి ఇంటాయన నోరు తిరగడం మొదలవుతుంది. బరువు చూసే మిషను నిజం చెప్తుంది, ఆ పూట ముద్ద గొంతు దిగదు. అబద్ధపు మీటరు ఒక్కటే పాపం, భుజం తట్టి "నువ్వు మామూలోడివి కాదు" అంటుంది. కన్నతల్లి తర్వాత మనతో ఆ మాట అనేది ఇంకెవరండీ?

ఫోనులో ఫోటో దిగితే మొహం మీద మచ్చలు మాయం. వాకింగు లెక్కపెట్టే గడియారం కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపినా అడుగులు కలిపేస్తుంది. ఏ ఆఫీసు రిపోర్టు చూసినా పని పూర్తయినట్టే ఉంటుంది. ఇన్ని అబద్ధాలను నెత్తిన పెట్టుకుని ఊరేగుతూ, పాత కారులో ఉన్న ఒక్క ముల్లు మీద పడి "సరిచెయ్యాలి, సరిచెయ్యాలి" అంటారేం? దాని మీదే ఎందుకింత కక్ష?

గాలి కబుర్లు కావివి. మా వీధిలో జరిగింది. చెప్తాను, విని తీర్పు మీరే ఇవ్వండి.

మా వీధి చివరింట్లో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఉంటాడు. ఆయన అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరంతా ముల్లుసారు అంటారు. ఏ కొట్టుకు వెళ్ళినా ఆయన మనుషుల మొహం చూడడు, కాటా ముల్లు చూస్తాడు. ముల్లు గీత మీద నిలబడిందా, నమస్కారానికి ప్రతి నమస్కారం. పక్కకు జరిగిందా, జేబులోంచి సీలు బయటికి వస్తుంది. ఇంటికొచ్చిన చుట్టం టీలో చక్కెర చాలంటే, "చాలంటే ఎంత?" అని అడిగే మనిషి. "వెంట్రుకవాసి తేడా అయినా దొంగతనం దొంగతనమే" అనేది ఆయన ఊతపదం. దగ్గు వచ్చినా ముందు ఆ మాట అని తర్వాత దగ్గుతాడు.

ఆయనకో కారుంది. రెండే సీట్లు, గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఆయన దృష్టిలో అది కంపెనీ తప్పు, కారు తప్పు కాదు. వారమంతా ముసుగేసి పడుకోబెడతాడు. ఆదివారం పొద్దున్నే ముసుగు తీసి, తుడిచి, చేతులకు తోలు తొడుగులు వేసుకుని, పక్కన భార్యను కూర్చోబెట్టుకుని, ఊరి బయట తిన్నగా సాగే రోడ్డు మీదికి తీసుకెళ్తాడు. ఎదురుగా పళ్ళెమంత మీటరు. మీగడ రంగు మొహం మీద నల్లటి అంకెలు, ఎర్రటి ముల్లు.

ముల్లు నలభై దాటుతుంది. అరవై, ఎనభై దాటుతుంది. ఇంజను రొద పెడుతుంది, గుడ్డ టాపు పటపటలాడుతుంది. ముల్లు వంకర అంకెల మీదుగా పాకి పాకి చివరికి చేరవలసిన చోటికి చేరుతుంది.

"వంద!" అంటాడు ముల్లుసారు.

"చాలండీ, దించండి!" అంటుంది భార్య, కళ్ళు గట్టిగా మూసుకుని, సీటు అంచు పట్టుకుని.

ఆ "చాలండీ" ఆయనకు పతకం. నవ్వకండి. ఆఫీసులో పై అధికారి ముందు నిలబడితే ఆయన వేగం సున్నా. ఆయన కింద పనిచేసినవాళ్ళు ఆయన మీదుగా పైకి వెళ్ళారు. ఆయన ప్రమోషను ఫైలు మాత్రం ఏ బల్ల మీద పెడితే ఆ బల్ల మీదే గుడ్లు పొదుగుతోంది. అలాంటి మనిషికి ఆదివారం ఒక్క వంద ఉంది. ఆ వంద లేకపోతే సోమవారం ఆఫీసుకు తీసుకెళ్ళడానికి ఆయన దగ్గర టిఫిను డబ్బా తప్ప ఏమీ మిగలదు.

అయితే ఆ వందలో చిన్న విచిత్రం ఉండేది. ముల్లు వంద మీద ఉండగా కోళ్ళ వ్యాను ఒకటి ప్రతి ఆదివారం వెనకనుంచి వచ్చి, హారను కొట్టి, ఈకలు ఎగరేసుకుంటూ దాటిపోయేది.

"చూశావా!" అనేవాడు ముల్లుసారు పళ్ళు కొరుకుతూ. "ఈ కాలం డ్రైవర్లకు ప్రాణమంటే లెక్కలేదు. నూట ముప్పై మీద పోతున్నాడు! కోళ్ళేసుకుని!"

"కోళ్ళకు తొందరేముందండీ?" అనేది ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

ఇంకొక విచిత్రం కూడా ఉంది. ఎనభై దాటరాదని బోర్డున్న చోట ఆయన తొంభై మీద పోయేవాడు, పోలీసులు ఒక్కనాడూ ఆపలేదు. "నా హోదా చూసి వదిలేస్తున్నారు" అని ఆఫీసులో చెప్పుకునేవాడు, గొంతు తగ్గించి, అందరికీ వినపడేలా. చూశారా అబద్ధపు మీటరు మహిమ? ఒక్క ముల్లు మనిషికి వేగమిచ్చింది, భార్య దగ్గర భయమిచ్చింది, పోలీసుల దగ్గర హోదా ఇచ్చింది. నిజం ఇన్ని ఇవ్వగలదా?

ఇలా సుఖంగా సాగుతున్న కాపురంలోకి రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి.

మొదటిది, మా వీధి పచారీ కొట్టు. కొట్టాయన దగ్గర గుండ్రటి మొహమున్న డయల్ కాటా ఒకటి ఉంది. ముల్లుసారు తనిఖీకి వచ్చి, మఖమలు గుడ్డ పరిచిన పెట్టెలోంచి ఇత్తడి కిలో రాయి తీసి కాటా మీద పెట్టాడు. ముల్లు కిలో గీత దగ్గర ఆగకుండా ఇంకో యాభై గ్రాములు ముందుకెళ్ళి నిలబడింది. అంటే ఏమిటి? ముల్లు కిలో చూపిస్తోందంటే పళ్ళెంలో ఉన్నది కిలోకు తక్కువే.

"పాత కాటా అయ్యా! లోపల స్ప్రింగు వదులైనట్టుంది. నాకేం తెలుసు?" అన్నాడు కొట్టాయన.

"ముల్లు ముందుకే ఎందుకు పోయిందయ్యా? వెనక్కి పోవచ్చుగా? వెంట్రుకవాసి తేడా అయినా దొంగతనం దొంగతనమే" అన్నాడు ముల్లుసారు. కాటాకు సీలు పడింది, కొట్టుకు తాళం పడింది. మళ్ళీ తనిఖీ చేసి బాగుందని రాసేదాకా తెరవడానికి లేదు. మేం పంచదారకూ సబ్బుకూ ఊరు ఆ చివరకు నడవడం మొదలుపెట్టాం. కొట్టాయన మూసిన తలుపు ముందు మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో కూర్చోవచ్చు కదా అంటే, "మా ఆవిడ రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు, 'నువ్వు కొట్టులో ఉంటేనే మన కాపురం బాగుండేది' అంది" అన్నాడు.

రెండో సంగతి ముల్లుసారు బావమరిది. నాలుగు రోజులుండి పోదామని అక్క ఇంటికొచ్చాడు. మనిషి మంచివాడే. చేతిలో ఫోను మాత్రం మంచిది కాదు. ఆ ఆదివారం అక్క తలనొప్పని ఇంట్లో ఉండిపోతే, బావ పక్కన అతను ఎక్కాడు.

ముల్లు వంద ముట్టుకుంది. "వంద!" అన్నాడు ముల్లుసారు, "చాలు బావా" అనే మాట కోసం చెవి ఒగ్గి.

బావమరిది ఫోను చూస్తూ, "డెబ్బై బావా" అన్నాడు.

"ఏం డెబ్బై?"

"స్పీడు. ఫోనులో చూపిస్తోంది. ఉపగ్రహం చెప్తుంది కదా."

"ఉపగ్రహానికి మన రోడ్డేం తెలుసోయ్? ఆకాశంలో వేలాడే వస్తువు మాట వింటావా, కళ్ళ ముందున్న మీటరు మాట వింటావా?"

"నన్నేం చెయ్యమంటావు బావా? కోళ్ళు కూడా మనల్ని దాటిపోతున్నాయి" అన్నాడు బావమరిది. ఆ మాట పూర్తయ్యేలోపు వ్యాను దాటిపోయింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాదు ముల్లుసారు. కొలతల మనిషి. కాళ్ళు లెక్కపెట్టి మరీ మూడంటాడు. మర్నాడు సెలవు పెట్టి, భార్య చేతికి గడియారమిచ్చి, కిలోమీటరు రాళ్ళ రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. ముల్లును వంద మీద నిలిపి పట్టుకుంటాడు, రాయికీ రాయికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో ఆవిడ చెప్పాలి. వంద మీదుంటే ముప్పై ఆరు పట్టాలి. ఆ వేగంలో ఆవిడ కళ్ళు తెరవడం అదే మొదటిసారి.

"యాభై ఒకటండీ."

"సరిగ్గా చూడు."

మళ్ళీ నడిపాడు. ఈసారీ యాభై ఒకటే.

"ఈ రాళ్ళు పాతిన కాంట్రాక్టరు దొంగ!" అన్నాడు ముల్లుసారు.

"ప్రతి రాయినీ ఒకే దూరం దొంగిలించాడా అండీ?" అంది ఆవిడ. తర్వాత కాసేపు చుట్టూ చూసి, "అయితే ఇన్నాళ్ళూ నేను కళ్ళు మూసుకున్నది డెబ్బైకా?" అంది. ఆ గొంతులో కోపమేమీ లేదు. అదే ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

చూశారా నిజం ఎంత పాడు పని చేస్తుందో! నిన్నటిదాకా భర్త పక్కన ప్రాణాలరచేత పెట్టుకుని కూర్చున్న ఇల్లాలు, ఈరోజు డెబ్బై మీద కళ్ళు తెరిచి పొలాలు చూస్తోంది. ఏ భర్తకు కావాలండీ ఈ దుర్గతి?

ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటే బాగుండేది. బావమరిది నోటికి మాత్రం తాళం లేదు. ఆ సాయంత్రం నడకకు బయల్దేరి, కొట్టు మెట్టు మీద కూర్చున్న కొట్టాయన పక్కన తనూ కూర్చున్నాడు.

"మా బావ వందంటే మన డెబ్బై అండీ" అన్నాడు నవ్వుతూ.

కొట్టాయన నవ్వలేదు. "ఏదీ, ఇంకోసారి చెప్పండి" అన్నాడు.

మర్నాడు కొట్టాయన ఉతికిన చొక్కా వేసుకుని ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు వెళ్ళాడు. గుమస్తాలున్నారు, ప్యూనున్నాడు, పనుల మీద వచ్చిన కొట్లవాళ్ళు నలుగురున్నారు. అందరూ ఉన్నారని చూసుకునే చేతులు జోడించాడు.

"అయ్యా, చదువులేనివాణ్ణి, ఒక్క ధర్మసందేహం తీర్చండి. కిలోకు యాభై గ్రాములు అబద్ధమాడిన ముల్లుకు సీలు వేశారు. నెత్తిన పెట్టుకున్నాను. మరి డెబ్బైని వందని చెప్పే ముల్లుకు ఏం వేస్తారయ్యా?"

ఒక గుమస్తా ఫైలు మూసి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

"ఎవరి ముల్లు?" అన్నాడు ముల్లుసారు.

"నాకేం తెలుసయ్యా? ఎవరో ఆదివారం పూట షికారుకెళ్ళేవాళ్ళదట. గురివింద గింజకు కింద నలుపు కనపడదంటారు కదా, వాళ్ళకీ కనపడి ఉండదు."

ప్యూను దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

తేలు కుట్టినట్టు ముల్లుసారు కుర్చీలోంచి లేచాడు. ఆయన అలా లేవడం ఆ ఆఫీసు ఎన్నడూ చూడలేదు. "ఆ కారు నాదే. ఆ ముల్లు సరిచేయిస్తాను. చట్టం కాటాకొకటీ కారుకొకటీ కాదు!" అన్నాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. కొట్టాయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

మన పెద్దమనుషులకు ఇదొక జబ్బు. చప్పట్లు వినపడితే ఏ మాటైనా ఇచ్చేస్తారు. ఇంటికెళ్ళాక గాని మాట బరువు తెలీదు. మాటలు తూచే కాటా ఇంకా రాలేదు కదా!

మీటర్లు బాగుచేసే మేస్త్రీ గది ఊరి మధ్యలో, ఇరుకు సందులో ఉంది. గోడనిండా చచ్చిపోయిన మీటర్లు వేలాడుతుంటాయి. ఒక్కటి కూడా సున్నా దగ్గర ఉండదు. కదలకుండా గోడకు వేలాడుతూనే ఒకటి అరవై, ఒకటి తొంభై చూపిస్తుంటాయి. ఆ గది చూస్తే నాకు కొందరు గొప్పవాళ్ళు గుర్తొస్తారు. సరే, అది వేరే సంగతి.

మేస్త్రీ కారును చూస్తూనే రెండు చేతులూ చాచాడు. "మన బండే! ఎన్నాళ్ళయింది సార్! ముల్లు ఎలా ఉంది? పరిగెడుతోందా?"

"అదే రోగం. వందకు ముప్పై ఎక్కువ చూపిస్తోంది. ఎందుకలా?"

"ఎందుకేంటి సార్? నేనే చేశాను కదా!"

"ఎవడడిగాడు నిన్ను?" అన్నాడు ముల్లుసారు.

"మీరే అడిగారు సార్" అన్నాడు మేస్త్రీ, స్టూలు లాగి కూర్చుంటూ. "బండి కొన్న కొత్తలో తెచ్చారు. 'ముల్లు బద్ధకంగా ఉందయ్యా, కాస్త హుషారు చెయ్యి' అన్నారు. చేశాను."

"నేనన్నది అది ఆగి ఆగి కదులుతోందని! కాస్త నూనె వెయ్యమని!"

"అయితే నూనె అనాలి. మీరు హుషారన్నారు. హుషారుకు నూనె ఎవడేస్తాడు సార్? లోపల వెంట్రుకంత స్ప్రింగుంటుంది. అది ముల్లును వెనక్కి లాగి పట్టుకుంటుంది. దాన్ని వదులు చేస్తే ముల్లుకు అడ్డూ ఆపూ ఉండదు, ముందుకే పోతుంది. దూరం చూపించే అంకెలు పళ్ళచక్రాల మీద తిరుగుతాయి, వాటి జోలికి నేను పోలేదు. అవి నిజమే చెప్తాయి. నాకూ నీతి ఉంది కదా!"

"తప్పని చెప్పొచ్చు కదయ్యా అప్పుడే!"

"ఎలా చెప్తాను సార్? మీరు ఒక చుట్టు తిరిగొచ్చి, 'అబ్బ, ఇప్పుడుందయ్యా బండి!' అని నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. భుజం నొప్పి తగ్గడానికి వారం పట్టింది." మేస్త్రీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. "ఇప్పుడేం చెయ్యమంటారు? ఇంకొంచెం పెంచనా?"

"తగ్గించు."

మేస్త్రీ ఆగి, ఆయన మొహంలోకి జాలిగా చూశాడు. "ఇంట్లో అంతా క్షేమమే కదా సార్? ఎందుకడుగుతున్నానంటే, ఈ వృత్తిలో జుట్టు నెరిసింది, తగ్గించమన్నవాడు మాత్రం నాకింతవరకు తగల్లేదు."

తగ్గించాడు. మీటరు విప్పి, బల్ల మీద మోటారుకు తగిలించి, ఇంకో మంచి మీటరు పక్కన పెట్టి, స్ప్రింగును వెంట్రుకవాసి బిగిస్తూ, రెండు ముళ్ళూ ఒకే అంకె దగ్గర నిలబడేదాకా సరిచేశాడు. రోడ్డు మీదికి తీసుకెళ్తే ఫోనూ మీటరూ ఒకే మాట చెప్పాయి. ముల్లుసారు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. జీవితంలో ఏ కాటానీ అంత నిక్కచ్చిగా చెయ్యలేదు.

ఆదివారం వచ్చింది.

రోడ్డదే, రొద అదే. గుడ్డ టాపు ఎప్పటిలాగే పటపటలాడింది. చెట్లు ఎప్పుడెలా వెనక్కి పోయేవో అలాగే పోయాయి. కాలు ఎప్పుడూ ఆగేచోటే ఆగింది. ముల్లు డెబ్బై మీద ఉంది.

ఆయన కాలు ఇంకా నొక్కాడు. ఇంజను మూలిగింది, స్టీరింగు వణికింది, ముక్కులోంచి ఆవిరి వచ్చింది. ముల్లు డెబ్బై నాలుగు దాకా వెళ్ళి, ఇక నావల్ల కాదన్నట్టు నిలబడిపోయింది. ఆ కారు పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ వంద చూడలేదని ఆయనకు అప్పుడర్థమైంది.

"ఏమండీ, బండికి ఒంట్లో బాగోలేదా?" అంది భార్య.

ఆయన మీటరు అద్దాన్ని వేలితో తట్టాడు.

"అయినా ఇలా బాగుందండీ. ఆ పక్కన చెరకు తోట ఉందని నాకిన్నాళ్ళూ తెలీనే తెలీదు."

వెనక హారను వినపడింది. వ్యాను దాటిపోయింది. డ్రైవరు ఎప్పటిలాగే చెయ్యూపాడు. నూట ముప్పై మీద పోయే రాక్షసుడని ఆయన ఇన్నాళ్ళూ తిట్టిన మనిషి, వందలోపే, తన పని మీద తాను, మర్యాదగా పోతున్నాడు. ఎనభై బోర్డు దగ్గర నిలబడ్డ పోలీసు ఈసారీ ఆపలేదు. ఎందుకాపలేదో ఈసారి మీటరే చెప్పింది. హోదా కాదు. అరవై రెండు!

ఒక ముల్లు సరిచేస్తే ఎన్ని ఊడాయో లెక్కపెట్టండి. వంద ఊడింది, భార్య భయం ఊడింది, పోలీసుల గౌరవం ఊడింది. చివరికి తిట్టుకోవడానికి ఒక కోళ్ళ వ్యాను కూడా మిగల్లేదు. ఇంకా మీరు నిజం నిజం అంటారా?

సోమవారం ఆయన టిఫిను డబ్బా ఒక్కటే పట్టుకుని ఆఫీసుకెళ్ళాడు. పై అధికారి పిలిస్తే నిలబడ్డాడు. ఇదివరకు తిట్లు తినేటప్పుడు మనసులో "వంద, వంద" అనుకునేవాడు. ఇప్పుడు అనుకోబోతే డెబ్బై నాలుగని వచ్చింది. వారం గడిచేసరికి మనిషి పీక్కుపోయాడు. బావమరిది ఫోను తీసుకుని ఊరికెళ్ళిపోయాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో అతన్నడగాలి.

మళ్ళీ ఆదివారం రాకముందే ముల్లుసారు ఇరుకు సందులో కారు ఆపాడు. కిందికి దిగలేదు. అద్దం దించి, అటూ ఇటూ చూసి, "మేస్త్రీ! కొంచెం..." అన్నాడు.

"నూనెనా సార్?"

"నూనె కాదు."

మేస్త్రీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. మంచి వైద్యుడు రోగి నోటితో రోగం పేరు చెప్పించడు.

వంద తిరిగొచ్చింది. తిరిగొచ్చిన వందకు సాక్షి కావాలి కదా? భార్య ఈసారి వస్తాను గాని కళ్ళు మూసుకోనంది. చెరకు తోట చూడాలట. కళ్ళు తెరుచుకున్న సాక్షిని ఏం చేసుకోను అని ముల్లుసారు ఒంటరిగా బయల్దేరాడు. వీధి మలుపు దగ్గర, మూసిన కొట్టు మెట్టు మీంచి కొట్టాయన లేచి చేతులు జోడించాడు.

"అయ్యా, ఆ పూట నోరు జారాను. పేదవాడి కోపం పెదవికి చేటన్నారు. ఒక్కసారి నన్నూ ఎక్కించుకోండయ్యా. ఇలాంటి బండి ఎక్కకుండా పోతే ఈ జన్మ ఉండీ దండగ."

ముల్లుసారు ఆయన మొహంలోకి చూశాడు. మనుషుల మొహం చూడటం అలవాటు లేదేమో, ఏమీ కనపడలేదు. ఎక్కమన్నాడు.

తిన్నని రోడ్డు వచ్చింది. ముల్లు పాకింది.

"వంద" అన్నాడు ముల్లుసారు, నెమ్మదిగా, పక్కకు చూడకుండా.

"అయ్యా! అయ్యా! ఆపండయ్యా!" కొట్టాయన రెండు చేతులతో సీటు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి! గుండె నోట్లోకొచ్చింది! చాలయ్యా, చాలు, దించండి!"

వెనకనుంచి కోళ్ళ వ్యాను వచ్చి దాటిపోయింది. కొట్టాయన ఒక కన్ను తెరిచి చూశాడు.

"వీడి పాడె కట్టా! నూట యాభై మీద పోతున్నాడు. ముందెక్కడో బోల్తా పడతాడు చూడండి!"

ముల్లుసారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికి తిరిగాయన్నాడు. డెబ్బైకి అంత గాలి ఎక్కడిదని మీరడక్కండి.

సోమవారం పొద్దున్నే మఖమలు పెట్టెతో ముల్లుసారు కొట్టుకు వచ్చాడు. తాళం తీశారు, సీలు విప్పారు. ఇత్తడి కిలో రాయి కాటా మీద పెట్టాడు. వీధిలో అందరం నిలబడి చూస్తున్నాం. కాటాను కొట్టాయన ముట్టుకుని ఎరగడు. సీలున్న కాటాను ముట్టుకోవడం నేరం కదా, నీతి గల మనిషి! ముల్లు కదిలింది. కిలో గీత దాటింది. పోయిన తనిఖీలో ఎక్కడ నిలబడిందో సరిగ్గా అక్కడే, యాభై గ్రాములు ముందు నిలబడింది.

ముల్లుసారు దాన్ని చాలాసేపు చూశాడు. కొట్టాయన పైకప్పు చూశాడు.

"తప్పేమీ లేదు. ముల్లు కొంచెం హుషారుగా ఉంది, అంతే" అన్నాడు ముల్లుసారు. బాగుందని రాసి సంతకం పెట్టాడు.

ఇప్పుడు అందరూ సుఖంగా ఉన్నారు. ప్రతి ఆదివారం కొట్టాయన కారెక్కి కళ్ళు మూసుకుంటాడు. ప్రతి సోమవారం ముల్లుసారు తల ఎత్తుకుని ఆఫీసుకెళ్తాడు. మా వీధి ఆడవాళ్ళు మాత్రం, ఊరు ఆ చివర కొన్న కిలో పంచదారకు అంచు దాకా వచ్చిన డబ్బా ఇప్పుడు వెలితిగా ఉంటోందంటున్నారు. డబ్బాలు పెరిగాయేమో! ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనని పెద్దలు ఊరికే అన్నారా? ముళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి పడి కౌగిలించుకుంటే ఏమవుతుందో పెద్దలు చెప్పలేదు. అప్పుడూ ఆకే చిరుగుతుందండీ!

మొన్న నేనూ సంచి పట్టుకుని వెళ్ళాను. "తూకం తగ్గినట్టుందే?" అన్నాను.

"సంచి చూస్తారేంటండీ? ముల్లు చూడండి" అన్నాడు కొట్టాయన.

చూశాను. ముల్లు కిలో గీత మీద నిటారుగా, నిజాయితీగా నిలబడి ఉంది. ఇక మాట్లాడటానికేముంది? డబ్బులిచ్చి ఇంటిదారి పట్టాను. ఇదివరకు సగం దారికి వచ్చేసరికి చెయ్యి లాగేది, చెయ్యి మార్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ బాధ లేదు.

అబద్ధపు ముల్లు వరమని అందుకే అన్నాను. సంచి ఎంత తేలిగ్గా ఉందో!